రాతిపూసల వయసు

ఆ గదిలో ఉన్నవన్నీ చిన్నపిల్లల కుర్చీలే. నోలా ట్రెడ్వే వాటిలో ఒకదాని మీద కూర్చుంది, మోకాళ్ళు పొట్టకు తగులుతున్నాయి, వాటిలో ఈపాటికి నొప్పి పుట్టి ఉండాలి, పుట్టిందో లేదో ఆమెకు తెలియడం లేదు. గోడకు అవతల చర్చి పెద్దలు ఆమె గురించి మాట్లాడుకుంటున్నారు. మాటలు తెలియవు, గొంతులు తెలుస్తాయి, నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు ఒక గొంతు లేస్తుంది, ఇంకొకటి దాన్ని కూర్చోబెడుతుంది. వాళ్ళు పిలిచినప్పుడు లోపలికి వెళ్ళాలి. ఈ చర్చి బడిలో ఇన్నేళ్ళుగా సైన్సు చెబుతున్న మనిషి ఇకమీదట చెప్పాలా వద్దా అన్నది ఈ సాయంత్రంతో తేలిపోతుంది. తేలిపోతుంది అనుకుంది నోలా, ఆ మాటను నాలుక మీద ఒకసారి తిప్పి చూసింది, దానికి రుచి లేదు. ఫిబ్రవరిలో భర్త హోలిస్ పోయినప్పటి నుంచి దేనికీ రుచి లేదు. రేపు ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ భోజనం ఉంది, ఆడవాళ్ళు ఇవాళే వంట మొదలుపెట్టారు, చిక్కుడు గింజలు ఉడుకుతున్న వాసన, మొక్కజొన్న రొట్టె వాసన వస్తున్నాయి, వాసన తెలుస్తోంది గానీ ఆకలి తెలియడం లేదు. ఎదురుగా గోడ నిండా నోవహు ఓడ. బల్ల మీద నుంచి జంటలు జంటలుగా ఎక్కుతున్న జిరాఫీలు, ఏనుగులు, ఎలుగుబంట్లు, వాటి వెనక ఆకుపచ్చ రంగులో రెండు డైనోసార్లు. మొదట బొమ్మ వేసినప్పుడు అవి లేవు. ఎవరో పసివాడు అవెక్కడున్నాయని అడిగితే పెద్దలు కూర్చుని ఆలోచించి, ఉండే ఉండాలి అని తీర్మానించి, తరవాత వేయించారు. చోటు చాలక కుక్కలంత చేసి వేశారు. అవి నవ్వుతున్నాయి. పిల్లలు జడుసుకుంటారని వాటికి పళ్ళు పెట్టలేదు.

ఆ రోజు ఎందుకలా అన్నాను. ఏదో తెగించి అన్నదైతే కనీసం ఆ తెగింపు గుర్తుండేది. గుర్తున్నది ఎండ, బస్సు ఇంజను నుంచి ఆవిరి, పెద్ద తరగతి పిల్లలు కిందికి దిగి మూతులు ముడుచుకోవడం. గుహలు చూపించడానికి తీసుకెళుతుంటే కొండను నిలువునా కోసి వేసిన కొత్త రోడ్డు పక్కన బస్సు ఆగిపోయింది. కోసిన కొండ పొరలు పొరలుగా, తెల్లగా, కళ్ళు మిరుమిట్లు గొలిపేంత తెల్లగా ఉంది. ఆ రాతి నిండా పూసలు. మిస్సోరీలో ఈ కొండల మధ్య పుట్టిన ఎవరికైనా అవి తెలిసినవే, వాగుల్లో కాలు పెడితే తగులుతాయి, గుండ్రంగా, మధ్యలో బెజ్జంతో, నోలా కూడా చిన్నప్పుడు ఏరి దారానికి గుచ్చి మెళ్ళో వేసుకుంది. కెజాయా అనే పిల్ల, పాస్టరు గారి మనవరాలు, తరగతిలో అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు వేసేది, గోరుతో ఒక పూసను రాతిలోంచి పెకలించి అరచేతిలో పెట్టుకుని వచ్చింది. మిస్ నోలా, ఇవి జలప్రళయంలో కొట్టుకొచ్చినవేనా అంది. అవును అనాలి. పాఠ్యపుస్తకం అవునంటుంది, భూమికి ఆరు వేల ఏళ్ళంటుంది, పొరలన్నీ ఒకే ఒక్క వరదలో పేరుకున్నవంటుంది, నోలా ఏటా అవునని చెప్పింది, ఆ అవును ఆమె నోట్లో అలవాటుపడిన పన్నులాగా ఉండేది. ఆ రోజు నాలుక వెతికితే ఆ పన్ను లేదు. పుస్తకం అలా అంటుంది కెజాయా, కానీ రాళ్ళను చదివినవాళ్ళు ఇవి ముప్పై నాలుగు కోట్ల ఏళ్ళ కిందటివంటారు, వాళ్ళు చెప్పేదే నిజమని నేననుకుంటాను, ఇక్కడ సముద్రం ఉండేది, దాని అడుగున కాడల మీద పువ్వుల్లా ఊగే జంతువులు ఉండేవి, ఆ కాడల ముక్కలే ఇవి. ఇంతే అంది. టైము ఎంతయిందో చెప్పినట్టు చెప్పింది. పిల్ల నోరు తెరిచి చూసింది. కోట్లా అంది. కోట్లే అంది నోలా. మనం నిలబడ్డ చోట సముద్రమా అని, ఆ పిల్ల, పాదాల దాకా ఉన్న స్కర్టు అంచును రెండు చేతులా పట్టుకుని కాస్త పైకెత్తింది, నీళ్ళు వస్తున్నట్టు. ఎత్తి నవ్వింది.

ఆ సంతోషమే ఇంతకు తెచ్చింది. చాడీ కాదు. ఆ రాత్రి అన్నాల దగ్గర కెజాయా తాతతో చెప్పిందట, తాతయ్యా, మన ఊరు సముద్రం కింద ఉండేదట అని, బంగాళాదుంపల గిన్నె చేతిలో పట్టుకుని ఎవరికీ వడ్డించకుండా చెబుతూనే ఉందట. ఆ తాత, పాస్టరు ఆర్వల్ స్టిడమ్ గారు, అంతా విన్నాడట. ఎవరు చెప్పారమ్మా అని మాత్రం అడిగాడట.

తలుపు తోసుకుని జెనీవా వచ్చింది, ఏప్రను మీద పిండి, చేతిలో పళ్ళెం. వంటింటి పెత్తనం జెనీవాదే, బడి లైబ్రరీ కూడా ఆవిడే చూస్తుంది, హోలిస్ పోయాక మొదటి వారమంతా నోలా ఇంట్లో సోఫా మీద పడుకున్నదీ ఆవిడే.

"తిను. మొహం చూడు, సున్నం కొట్టినట్టుంది."

"ఆకలి లేదు జెనీవా."

"ఆకలి ఉన్నవాళ్ళకు పెట్టడం ఎవరైనా చేస్తారు. తిను." పళ్ళెం పిల్లల బల్ల మీద పెట్టి, తనూ ఒక చిన్న కుర్చీ లాగి, కూర్చుంటే విరుగుతుందని మానేసి, నిలబడే అంది, "నీకేం పోయిందే? అవునంటే అయిపోయేది కదా. నేనూ మా ఆయన వంట బాగుందా అంటే అవునంటాను, ఆయన వండింది కుక్క కూడా ముట్టదు."

"నోట్లోంచి వచ్చేసింది."

"వచ్చేస్తే మింగాలి. మొన్న పిలిచి అడిగితే అవుననీ కాదనీ అనకుండా వచ్చావట, అప్పుడే పొరపాటున అన్నానని చెప్పి ఉంటే, ఆర్వల్ గారు ప్రార్థన చేసి పంపేసేవారు." గొంతు తగ్గించింది. "ఆ పిల్లను కూడా పిలిచారు. బయట ట్రక్కులో కూర్చుంది. తను వినడంలో పొరపడి ఉంటే నువ్వు గట్టెక్కినట్టే. నేనేం అనలేదు, నువ్వేం వినలేదు."

జెనీవా వెళ్ళిపోయింది. నోలా రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది, నమిలింది, అది ఎప్పటికీ అయిపోవడం లేదు. వినడంలో పొరపాటు. ఎంత తేలిక. ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు, ఎవరూ తప్పు చేసినట్టు కాదు, గాలికి మాట కాస్త పక్కకు పోయింది, అంతే. ఆగస్టులో బడి తెరిచే ముందు ఏటా జెనీవా, తనూ లైబ్రరీలో కూర్చుని దానం వచ్చిన పుస్తకాలు చూసేవాళ్ళు, పెద్దలు గుర్తు పెట్టిన పేజీలను ఒకదానితో ఒకటి స్టేపుల్ చేసేవాళ్ళు, కోతి నుంచి మనిషి దాకా వరసగా నడిచే బొమ్మ ఉన్న పేజీ, పాత ఎముకల పేజీ, గర్భంలో పిండాల పేజీ. చింపడం జెనీవాకు ఇష్టం లేదు, పుస్తకం పాడవుతుందనేది. పిల్లలకు ఆ పేజీలు వేళ్ళకే తెలిసేవి, మూసిన పుస్తకం అంచు మీద వేలు రాస్తే పిన్నులు తగిలేవి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసేవాళ్ళు, రెండు పేజీల అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి, మనిషి బొమ్మ మీద తిరగేసిన మాటలు కనబడేవి. ఒకసారి కెజాయా అలా చూస్తుంటే నోలా చూసి కూడా చూడనట్టు అవతలికి వెళ్ళింది. ఈ శీతాకాలం పాఠాల మీద పెద్ద చర్చే జరిగింది ఈ చర్చి హాల్లోనే, నర్సింగ్ కాలేజీలో మన పిల్లలు మొదటి ఏడాదే తప్పుతున్నారని ఇద్దరు ముగ్గురు తల్లులు లేచి అడిగారు, మన పుస్తకం పక్కన బయటి బడుల పుస్తకం కూడా పెడదాం, వాళ్ళేం అంటున్నారో తెలిస్తే కదా మన వాళ్ళు జవాబు చెప్పేది అని నోలా అంది. ఒకాయన లేచి, విషం రుచి తెలియాలని పిల్లలకు చెంచాడు పోస్తామా అన్నాడు. అందరూ నవ్వారు. నోలా కూడా నవ్వింది, ఆ మాట బాగుంది మరి. చేతులెత్తమంటే ఆ తల్లులు కూడా ఎత్తలేదు. ఇంటికి వెళ్ళి హోలిస్‌తో చెబితే, పాల లారీ నడిపి అలిసిన మనిషి, బూట్లు విప్పుతూ, నువ్వు దేవుణ్ణి నమ్మడం మానేశావా అని అడిగాడు. లేదు అంది. రాళ్ళను నమ్ముతున్నావా అన్నాడు. ఊఁ అంది. అయితే గొడవేముంది, మన ఇంట్లో నేనూ మీ అమ్మా ఇరవై ఏళ్ళు కలిసే ఉన్నాం అన్నాడు. తరవాతి నెలలో పోయాడు. నోలాలో అవి రెండూ ఇంకా అలాగే పక్కపక్కనే కాపురం ఉన్నాయి, కానీ వాటి మధ్య మాట్లాడే మనిషి లేడు.

కెజాయా వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. పదిహేనేళ్ళ పిల్ల, ఆ కుర్చీకి ఆమె కూడా పెద్దదే. జడ తడిగా ఉంది, అమ్మమ్మ గట్టిగా లాగి వేసినట్టుంది.

"మిస్ నోలా, నా మీద కోపమా?"

"లేదు."

"నేను మిమ్మల్ని పట్టివ్వాలని చెప్పలేదు. బాగుందని చెప్పాను."

"తెలుసు."

పిల్ల స్కర్టు మీద గీతను వేలితో దిద్దుతూ కూర్చుంది. "పొద్దున తాతయ్య అడిగాడు, నువ్వు సరిగ్గా విన్నావా కెజాయా, రోడ్డు మీద లారీలు పోతున్నాయి కదా అని. కోప్పడలేదు. మంచిగానే అడిగాడు. నేను సరిగ్గా వినలేదంటే మీరు ఉంటారు. విన్నానంటే పంపేస్తారు." తలెత్తి చూసింది. "నేనేం చెప్పమంటారు?"

ఇప్పుడు చెప్పాలి. విన్నది విన్నట్టు చెప్పమ్మా, నా సంగతి నేను చూసుకుంటాను. ఇంత చిన్న వాక్యం. నోలాకు అది కనబడుతూనే ఉంది, మేజా మీద పెట్టిన గ్లాసులాగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో. చెయ్యి లేవలేదు. బయటి బడిలో చేరాలంటే తన దగ్గర లైసెన్సు లేదు. హోలిస్ సమాధి ఈ చర్చి వెనకే ఉంది. ప్రతి ఆదివారం మూడో వరసలో కిటికీ వైపు కూర్చుంటుంది, అక్కడ కాక ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియదు. ఇవన్నీ కారణాలే, కానీ నిజానికి వీటిలో ఏదీ ఆ క్షణం ఆమె గుండెను తాకలేదు, వట్టి బరువు, దుప్పటి కింద ఉన్నట్టు, ఎవరైనా వచ్చి తనకు బదులు బతికేస్తే బాగుండునన్నట్టు.

"నీకు తోచింది చెప్పు" అంది.

కెజాయా ఆమె మొహంలోకి చూసింది. తరవాత ఓడ బొమ్మ వైపు చూసింది. బడి ప్రిన్సిపాలు క్లీవ్ తలుపు తీసి, రామ్మా కెజాయా అన్నాడు. పిల్ల లేచి స్కర్టు సర్దుకుని వెళ్ళింది.

ఈసారి తలుపు పూర్తిగా పడలేదు. ఆర్వల్ గారి గొంతు, ఆదికాండం చదివే గొంతు, నోలాను నదిలో ముంచి బాప్తిస్మం ఇచ్చిన గొంతు, గాలివానకు ఇంటి కప్పు లేచిపోతే నిచ్చెన ఎక్కి మేకులు అందించమని అరిచిన గొంతు, భయపడకు తల్లీ, నువ్వేం విన్నావో అదే చెప్పు అంది. వంటింట్లో ఎవరో గరిటె కింద పడేశారు. అప్పుడు కెజాయా మాట్లాడింది, చాలా స్పష్టంగా, బైబిలు వచనం అప్పజెప్పినట్టు. నేను పొరపాటుగా విన్నాను, లారీలు పోతున్నాయి, వేరేవాళ్ళు కోట్ల ఏళ్ళంటారు, అది తప్పు అని చెప్పారు మిస్ నోలా, నేను మొదటి సగమే విన్నాను. ఎవరో ఊపిరి వదిలారు. ఎవరో ప్రభువుకు స్తోత్రం అన్నారు. నోలా ఆ మాటలు విని, ఎంత బాగా అల్లింది అనుకుంది. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు అనుకున్నట్టే అనుకుంది. మొదటి సగమే విన్నాను. ఎక్కడా అతుకు కనబడదు. తెలివైన పిల్ల, ఏది నేర్పినా ఒక్కసారికే వస్తుంది. ఇది నేనే నేర్పాను ఇప్పుడు. ఆ పిల్ల నా దగ్గర ఈ ఏడాది నేర్చుకున్న చివరి పాఠం ఇదే అవుతుంది.

ఆమెను లోపలికి పిలిచారు. కెజాయా గోడ పక్కన నిలబడి ఉంది, చెంపలు ఎర్రగా, కళ్ళు నేల మీద. పొడవాటి బల్ల చుట్టూ పెద్దలు, అందరూ తెలిసిన మొహాలే, కొందరి పిల్లలకు నోలా పాఠాలు చెప్పింది, వాళ్ళ మొహాలు అప్పటికే వదులయ్యాయి, ఒకాయన టోపీ కోసం చెయ్యి చాపుతున్నాడు.

"కూర్చో నోలా" అన్నాడు ఆర్వల్ గారు. "పిల్ల సగం విని సగం చెప్పింది. ఇంత దూరం తెచ్చినందుకు నన్ను క్షమించు. ప్రార్థన చేసుకుని ఇళ్ళకు పోదాం."

నోలా కూర్చోలేదు. "తను సరిగ్గానే వింది" అంది.

టోపీ వైపు వెళ్ళిన చెయ్యి ఆగింది.

"నేను అన్నాను, బ్రదర్ ఆర్వల్. తను విన్నట్టే అన్నాను. నా ఉద్యోగం పోకూడదని ఆ పిల్ల ఇలా చెప్పింది. బయట నన్ను అడిగింది ఏం చెప్పనని. నేను నోరు మూసుకున్నాను. తప్పు దానిది కాదు."

కెజాయా తలెత్తింది. ఆ చూపులో కృతజ్ఞత ఉంటుందని నోలా అనుకుని ఉంటే అది లేదు. చెంపదెబ్బ తిన్న మనిషి చూపు అది.

ఆర్వల్ గారు రెండు చేతులూ బల్ల మీద పెట్టి వాటినే చూశాడు. ముసలి చేతులు. "నాకు రాళ్ళ గురించి తెలియదు నోలా" అన్నాడు. "నాకు ఒక పుస్తకమే తెలుసు. ఆ పుస్తకంలో ఆరు రోజులు నిజం కాదని ఇవాళ పిల్లలకు చెబితే, మూడో రోజున సమాధిలోంచి లేవడం మటుకు నిజమేనా అని రేపు అడుగుతారు. నేనేం చెప్పను? హోలిస్‌ను మట్టిలో పెట్టిన రోజు నీకు నేనేం చెప్పాను?"

"మళ్ళీ చూస్తానని చెప్పారు."

"నమ్మావా?"

"నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ రాళ్ళు వచ్చి నా దగ్గర నుంచి దాన్ని పట్టుకుపోలేదు."

"నీ దగ్గర నుంచి పోలేదు" అన్నాడు ఆయన, మెల్లగా. "పదిహేనేళ్ళ పిల్ల దగ్గర నుంచి పోదని నాకు హామీ ఇవ్వగలవా?"

నోలా ఆలోచించింది. గదిలో అందరూ ఆమె ఆలోచించడాన్ని చూశారు. "ఇవ్వలేను" అంది.

ఆ తరవాత ఎక్కువసేపు పట్టలేదు. ఎవరూ గొంతు పెంచలేదు. సోమవారం నుంచి రానక్కర్లేదని క్లీవ్ చెప్పాడు, ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, బీరువా తాళం చెవులు తీసుకునేటప్పుడు థాంక్యూ అన్నాడు. ప్రార్థన చేశారు. నోలా కూడా తల వంచింది, ఆమెన్ అంది.

బయట ఎండ ఇంకా ఉంది, కంకర పరిచిన ఆవరణలో బళ్ళు ఒక్కొక్కటే కదులుతున్నాయి. జెనీవా వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది, ఏప్రనుకు చేతులు తుడుచుకుంటూనే ఉంది. ఆర్వల్ గారి ట్రక్కు పక్కన కెజాయా ఒక్కతే ఉంది. నోలా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నేను మీ కోసం చెప్పాను" అంది పిల్ల.

"తెలుసు."

"అందరి ముందూ నన్ను అబద్ధాలకోరును చేశారు. ముందే చెప్పొచ్చుగా. నేను అడిగినప్పుడే చెప్పొచ్చుగా."

"చెప్పాల్సింది."

"మరెందుకు చెప్పలేదు?"

వెతికితే ఏదో ఒక జవాబు దొరుకుతుంది, భయం అనొచ్చు, దుఃఖం అనొచ్చు, అవి కూడా సగాలే. కెజాయా ఏడవడం లేదు, దవడ బిగించుకుని చర్చి తలుపు వైపు చూస్తోంది, తాత ఎవరితోనో చెయ్యి కలిపి మెట్లు దిగుతున్నాడు.

"ఇప్పుడు నేను ఆయన పక్కన కూర్చుని ఇంటికెళ్ళాలి" అంది. "అంత దూరం. ఆయన తిట్టడు. తిడితే బాగుండు. ఏమీ అనకుండా నడుపుతాడు."

నోలాకు ఆ దారి తెలుసు. కొండ ఎక్కి, దిగి, వాగు దాటి, మళ్ళీ కొండ, మధ్యలో ఒక్క దుకాణమైనా లేదు. తన ఇల్లు వాళ్ళ ఇల్లు దాటాక అవతల. మోకాళ్ళలో నొప్పి ఒక్కసారిగా తెలిసింది, ఆ చిన్న కుర్చీ నొప్పి, ఇప్పటిదాకా ఎక్కడ దాగి ఉందో, రెండు కాళ్ళలోకీ సూదుల్లా దిగింది.

ఆర్వల్ గారు వచ్చాడు. ఆమెను చూసి ఆగాడు.

"నా బండి స్టార్ట్ కావడం లేదు బ్రదర్ ఆర్వల్" అంది నోలా. "నన్ను కూడా దింపుతారా?"

ఆయన ఆవరణ అవతల నీడలో ఉన్న ఆమె బండి వైపు చూశాడు. ఆమె దాని దగ్గరికి వెళ్ళనే లేదని చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. మనవరాలి వైపు చూశాడు. కెజాయా నోలా వైపే చూస్తోంది, కనుబొమలు కాస్త లేచి.

"ఎక్కు" అన్నాడు ఆయన.

ట్రక్కులో ఒకటే పొడవాటి సీటు. కెజాయా ముందు ఎక్కబోతే నోలా ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపి, తనే ముందు ఎక్కి, గేరు పక్కకు, ముసలాయన భుజం తగిలేంత దగ్గరగా జరిగింది. తరవాత పిల్ల ఎక్కి కిటికీ పక్కన కూర్చుని తలుపు వేసుకుంది. కంకర మీద చక్రాలు కదిలాయి. మొదటి మలుపు దగ్గర ట్రక్కు ఒక పక్కకు ఒరిగింది, కెజాయా ఒళ్ళంతా బరువుగా వచ్చి నోలా మీద పడింది, మలుపు అయిపోయాక కూడా అలాగే ఉండిపోయింది.